కడప ఎండల్లో ఆరుబయట గోల్డ్‌ఫిష్: మునిగే గుళికల మేత మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తాను. కడపలాంటి ఊళ్ళో పెరట్లోనో మిద్దె మీదో తొట్టి పెట్టి గోల్డ్‌ఫిష్ పెంచుకుంటున్నవాళ్ళు ఎరుపు, పచ్చ, పసుపు రంగుల తేలే గుళికలు పక్కన పెట్టి, నీళ్ళలో మెల్లగా మునిగే చిన్న గోధుమరంగు గుళికలు తీసుకోండి. 5కి 4 ఇస్తాను. ఇది ఒక బ్రాండుకు ఇచ్చే మార్కు కాదు, ఈ రకం మేతకు ఇచ్చేది. మన షాపుల్లో రెండు మూడు కంపెనీలవి దొరుకుతాయి, వాటి మధ్య నాకు పెద్ద తేడా కనిపించలేదు. నేను వాడుతున్నది 100 గ్రాముల ప్యాకెట్, నూట యాభై రూపాయల లోపే పడింది. గుళిక ఆవగింజకన్నా కొంచెం పెద్దది. ప్యాకెట్ వెనక ప్రోటీన్ 32 శాతం అని రాసి ఉంది, పదార్థాల్లో మొదటి పేరు చేపల పొడి, తర్వాత సోయా, గోధుమ పిండి, స్పైరులినా అనే ఒక రకం నాచు.

మా తొట్టి సంగతి చెప్పకపోతే ఈ రివ్యూకు అర్థం ఉండదు, ఎందుకంటే గాజు అక్వేరియంలో ఏసీ గదిలో పెంచేవాళ్ళ లెక్క వేరు. మాది కడప బండలతో కట్టిన తొట్టి, నాలుగడుగుల పొడవు, రెండడుగుల లోతు, దాదాపు 500 లీటర్లు పడతాయి. ఒకవైపు వేపచెట్టు నీడ, ఇంకోవైపు గ్రీన్ షేడ్ నెట్ కట్టినాం. అందులో చురుగ్గా ఈదే కామెట్ రకం గోల్డ్‌ఫిష్ నాలుగు, పొట్ట గుండ్రంగా ఉండే రెడ్ క్యాప్ ఒరాండాలు రెండు. కడప బండ అంటే సున్నపురాయే కాబట్టి నీళ్ళు కాస్త గట్టిగా, అంటే సున్నం ఎక్కువై, క్షారగుణంతో ఉంటాయి. గోల్డ్‌ఫిష్‌కు గట్టి నీళ్ళు ఇష్టమే, దానితో ఇబ్బంది లేదు. కానీ మేత విషయంలో ఇదొక ముఖ్యమైన సంగతి అవుతుంది, ఎలాగో చెప్తాను.

చేప తిన్న మేతలోని మాంసకృత్తులు అరిగాక, ఒంటికి పట్టింది పోగా మిగిలింది అమ్మోనియాగా బయటికొస్తుంది, తినకుండా మిగిలిన మేత కూడా కుళ్ళి అమ్మోనియానే అవుతుంది. ఆ అమ్మోనియాలో కొంత భాగమే చేపకు విషం. నీళ్ళు వేడెక్కేకొద్దీ, క్షారగుణం పెరిగేకొద్దీ ఆ విషపు భాగం పెరుగుతుంది. 20 డిగ్రీల నీళ్ళలో ఉన్నదానికన్నా 30 డిగ్రీల నీళ్ళలో అది దాదాపు రెట్టింపు. మన బండ తొట్లలో, సిమెంటు తొట్లలో క్షారగుణం ఎటూ ఎక్కువే. ఇంకోపక్క ఆక్సిజన్ తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీలకు ఏడున్నర, 35కు వచ్చేసరికి 7 మాత్రమే. చేపకేమో వేడికి ఒంట్లో పని పెరిగి, ఆకలీ పెరిగి, ఊపిరికి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. తిన్నది అరిగించుకోవడానికి అదనంగా ఇంకొంచెం కావాలి. అంటే ఎండాకాలంలో చేప ఎక్కువ అడుగుతుంది, తొట్టి తక్కువ తట్టుకుంటుంది. మేత డబ్బా చేతిలో పట్టుకున్న ప్రతిసారీ ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు.

ఇప్పుడు ప్యాకెట్ మీద సూచనలు చూడండి. చాలా వాటి మీద నీటి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కన్నా తగ్గితే మేత ఆపమని, చలికాలం తగ్గించమని, వేసవిలో రోజుకు మూడు నాలుగు సార్లు కడుపునిండా వేయమని ఉంటుంది. అవి జపాన్‌కో జర్మనీకో సరిపోయే మాటలు, అక్కడ వేసవి అంటే చెరువు నీళ్ళు ఇరవై పైచిలుకు డిగ్రీలు. కడపలో జనవరి తెల్లవారుజామున కూడా గాలి 18 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది, మే నెలలో 40 దాటడం మామూలే, కొన్ని రోజులు 43, 44 చూస్తాం. గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ళ చేప, దానికి హాయిగా ఉండేది 20 డిగ్రీల చుట్టుపక్కల. కాబట్టి మన లెక్క తలకిందులు: చేపలు బాగా తిని బాగా పెరిగేది కార్తీకం నుంచి మాఘం దాకా, మేత తగ్గించాల్సింది చైత్రం, వైశాఖాల్లో. చలికాలం కోసం అని అమ్మే వీట్ జెర్మ్ (గోధుమ గింజలోని మొలక భాగం) మేత మనకు అస్సలు అవసరం లేదు, ఎవరైనా అంటగట్టబోతే తీసుకోకండి.

తేలే గుళికల గురించి. షాపులో వంద మంది గోల్డ్‌ఫిష్ కొంటే తొంభై మంది చేతిలో పెట్టేది ఆ ప్యాకెట్టే. వాటికీ ఒక మంచి గుణం ఉంది. చేపలు పైకొచ్చి తింటాయి, పిల్లలు చూసి సంబరపడతారు, మిగిలినవి పైనే కనిపిస్తాయి కాబట్టి జాలీతో తీసేయొచ్చు. గదిలో అయితే నేనూ వాటిని కాదనను. ఆరుబయట కథ మారిపోతుంది. మన వేసవి గాలికి గుళికలన్నీ కొట్టుకుపోయి ఒక మూల చేరతాయి, చురుకైన కామెట్లు అక్కడికి పోయి అన్నీ మింగేస్తాయి, పాపం ఆ గుండ్రటి ఒరాండాలు నిదానంగా ఈదుకుంటూ వచ్చేసరికి ఏమీ మిగలదు. మిట్టమధ్యాహ్నం తొట్టిలో బాగా వేడెక్కేది పైపొరే, చేపను ఆ పొరలోకే పిలిచి తినిపించినట్టు అవుతుంది. పైగా చేపలు పైకి రావడం అలవాటైతే కొంగకూ లకుముకి పిట్టకూ పని సులువు. మా వీధిలో బుగ్గవంక వాగు వైపు నుంచి కొంగలు వస్తుంటాయి, నెట్ లేని తొట్టి మీద వాటి కన్ను పడితే అంతే. తేలే గుళికలను కాకులు కూడా ఏరుకుంటాయి.

ఒరాండా, రాంచు, బ్లాక్ మూర్ లాంటి పొట్ట గుండ్రంగా ఉండే రకాలకు ఇంకో ఇబ్బంది. పైన తేలే మేతను అందుకునేటప్పుడు గాలి కూడా మింగుతాయి, కొన్నిసార్లు తిన్నాక పక్కకు ఒరిగిపోయి, తోక పైకెత్తి తేలుతుంటాయి. దీనికి కారణాలు చాలా ఉంటాయి, అన్నిటికీ మేతే కారణం కాదు. అయినా ఈ రకాలు పెంచేవాళ్ళలో ఎక్కువమంది మునిగే మేతనే ఎందుకు వాడతారో మా ఒరాండాలను చూశాక నాకు బాగా అర్థమైంది. మునిగే గుళికలకు మారాక తిన్న తర్వాత ఒరిగిపోవడం తగ్గింది.

మునిగే గుళికల్లో ఉన్న లోపం కూడా చెప్పాలి. అడుక్కు పోయినవి కనిపించవు. తొట్టి అడుగున నాచు, ఆకులు ఉంటే వాటి మధ్య పడిపోయి కుళ్ళిపోతాయి, ఎంత మిగిలిందో మనకు తెలియదు. దీనికి నేను చేసిన ఏర్పాటు చాలా చిన్నది, బాగా పనిచేస్తోంది. రెండు ఇటుకలు పెట్టి వాటి మీద ఒక మట్టి మూకుడు ఉంచాను, నీటి మట్టానికి జానెడు లోతులో. గుళికలు సరిగ్గా దాని మీద పడేలా వేస్తాను. కొన్ని రోజుల్లోనే చేపలన్నీ ఆ చోటు గుర్తుపట్టేశాయి, ఇప్పుడు నా అడుగుల చప్పుడు వింటేనే మూకుడు చుట్టూ చేరతాయి. తిన్నాక మూకుడులో మిగిలింది ఏమిటో చూసి, ఉంటే బయటికి తీసి పారబోస్తాను. మునిగే మేత కొనేవాళ్ళెవరైనా దానితోపాటు ఒక మూకుడు కూడా కొనుక్కోండి, సంతలో పాతిక ముప్పై రూపాయలకు వస్తుంది.

ఎంత వేయాలి? రెండు నిమిషాల్లో తినేసేంత, అంతకు మించి వద్దు. గోల్డ్‌ఫిష్‌కు మనకున్నట్టు ఆహారం నిల్వ చేసుకునే జీర్ణాశయం ఉండదు, తిన్నది నేరుగా పొడవాటి పేగులోకి పోతుంది. అందుకే ఎంత తిన్నా ఇంకా అడుగుతూనే ఉంటుంది, అడుగుతోంది కదా అని వేస్తే మాత్రం సగం సరిగా అరగకుండానే నీళ్ళలోకి వస్తుంది. ఒకేసారి గుప్పెడు వేయడం కన్నా చిటికెడు చిటికెడు రెండు సార్లు వేయడం మేలు. గుళికలను ఒక నిమిషం తొట్టి నీళ్ళలోనే నానబెట్టి వేస్తే ఇంకా మంచిది, లోపలికి పోయాక ఉబ్బవు.

వేళ గురించి ఎక్కువమంది పట్టించుకోరు, నాకు మాత్రం ఇది మేత రకం కన్నా ముఖ్యం అనిపిస్తుంది. తెల్లవారకముందు తొట్టిలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది, ఎందుకంటే పగలంతా ఆక్సిజన్ ఇచ్చే నాచు, మొక్కలు రాత్రంతా తిరిగి ఆక్సిజన్‌నే వాడుకుంటాయి. పచ్చగా నాచుపట్టిన తొట్లలో ఇది మరీ ఎక్కువ. అప్పుడే చేపలు పైకొచ్చి నోరు తెరిచి మూస్తుంటాయి, చూసినవాళ్ళు ఆకలేసిందేమో అనుకుని మేత వేస్తారు. అది ఆకలి కాదు, గాలి అందక పడే అవస్థ. ఆ సమయంలో మేత అస్సలు వద్దు, పంపు పెట్టి నీళ్ళు చిమ్మించండి, లేదా చెంబుతో ఎత్తి పైనుంచి పోయండి. సూర్యుడు వచ్చి ఒక గంటన్నర అయ్యాక, ఎండ ముదరకముందు, అంటే ఏడున్నర ఎనిమిది మధ్య వేయడం నాకు సరిపోయింది. చలికాలంలో రెండోసారి సాయంత్రం నాలుగు నాలుగున్నరకు. చీకటి పడ్డాక వేసే మేత ఏ కాలంలోనూ వద్దు.

ఏప్రిల్ నుంచి రోజుకు ఒక్కసారే, ఉదయం మాత్రమే. రోహిణి కార్తె ఎండల్లో అయితే రోజు విడిచి రోజు, అది కూడా చిటికెడు. తొట్టి నీళ్ళలో చవకరకం గాజు థర్మామీటర్ అయినా ఒకటి వేలాడదీయండి, నీళ్ళు 32 దాటితే సగానికి తగ్గించండి, 35కు వచ్చాయంటే ఆ రోజు మేత మానేయండి. ఇంట్లోవాళ్ళకు ఇది నచ్చదు. మా అమ్మ అయితే "నోరులేని జీవాన్ని పస్తు పెడతావా?" అని నా వెంటపడింది. పెద్ద గోల్డ్‌ఫిష్ ఆరోగ్యంగా ఉంటే వారం రోజులు మేత లేకపోయినా దానికేమీ కాదు, పైగా తొట్టి గోడల నాచు ఎప్పుడూ గీకుతూనే ఉంటుంది. మృగశిర వచ్చి నాలుగు వానలు పడి నీళ్ళు చల్లబడ్డాక మళ్ళీ మెల్లగా పెంచుకోవచ్చు.

ఇక నాకు కోపం తెప్పించిన సంగతి. కొన్ని షాపుల్లో పెద్ద సంచి తెరిచి, మేతను చిన్న చిన్న ప్లాస్టిక్ కవర్లలో పోసి స్టేపుల్ కొట్టి అమ్ముతారు. పేరు ఉండదు, తయారీ తేదీ ఉండదు, ప్రోటీన్ ఎంతో ఉండదు. అలాంటిదొకటి మా ఇంటికి వచ్చింది, విప్పగానే పాత నూనె కమురు వాసన. చేపల మేతలో చేప నూనె ఉంటుంది, గాలికీ వేడికీ అది త్వరగా పాడవుతుంది, విటమిన్ సి కూడా పోతుంది. షాపు ముందు ఎండ తగిలేలా వేలాడదీసిన ప్యాకెట్ తెరవకముందే సగం పాడైపోయినట్టే. వెనక్కి ఇస్తే తీసుకోలేదు. రంగుల గుళికలైతే నీళ్ళలో వేసి పది నిమిషాలు చూడండి, కొన్నిటికి రంగు నీళ్ళలోకి దిగిపోతుంది. ఆ రంగు మన కంటి కోసం వేసిందే, చేపకు దానితో పనిలేదు.

నేను ఇప్పుడు కొంటున్నది ఏడు రోడ్ల కూడలి దగ్గర్లో ఒక చిన్న షాపులో. చేపలు, మేత అన్నీ చెన్నై నుంచే తెప్పించుకుంటాడు, అక్కడి కొళత్తూరు రంగు చేపల వ్యాపారానికి పెట్టింది పేరు. ఆ షాపతను నన్ను అడిగిన మొదటి ప్రశ్నే నాకు నచ్చింది: "అన్నా, తొట్టి లోపలా, బయటా?" బయట అనగానే తేలే ప్యాకెట్ లోపల పెట్టేసి మునిగేది తీశాడు. "ఎండాకాలం మేత తగ్గించల్లన్నా, నీళ్ళు మార్చేది పెంచల్ల" అన్నాడు. అమ్ముకునేవాడు తక్కువ వాడమని చెప్పడం నాకు గౌరవం కలిగించింది. ప్యాకెట్ మీద తేదీ చూపించి మరీ ఇస్తాడు. కుళాయి నీళ్ళకు యాంటీ క్లోరిన్ చుక్కలు కూడా అతని దగ్గరే తీసుకుంటాను, మునిసిపాలిటీ నీళ్ళు నేరుగా పోసేవాళ్ళకు అది తప్పనిసరి. షాపులో స్థలం చాలా ఇరుకు, ఆదివారం మధ్యాహ్నం మూసేస్తాడు, ఫోన్‌పే ఉంది.

ప్యాకెట్ మేత ఒక్కటే కాకుండా నేను వేసే మిగతావి రెండు మాటల్లో. ఉడకబెట్టి తోలు తీసిన పచ్చిబఠాణీ, వారానికి ఒకసారి, చిదిమి వేస్తే ఒరాండాలు పోటీపడతాయి. వేడినీళ్ళలో ముంచి తీసిన పాలకూర ఆకు కూడా బాగుంటుంది. అజోల్లా అనే నీటి మీద తేలే చిన్న మొక్కను మన రైతులు పశువుల కోసం గుంటల్లో పెంచుతారు కదా, తెలిసినవాళ్ళ దగ్గర గుప్పెడు తెచ్చి పక్కన టబ్బులో పెంచుకోవచ్చు. కామెట్లు తింటాయి, ఒరాండాలు పెద్దగా ఇష్టపడవు. తొట్టి మొత్తం కప్పేసేలా మాత్రం వదలకండి, గాలి తగలదు. ఎండబెట్టిన ట్యూబిఫెక్స్ పురుగుల గడ్డలు షాపులో ఉంటాయి, మాంసకృత్తులు చాలా ఎక్కువ. చలికాలంలో అప్పుడప్పుడు సరే, ఎండాకాలంలో మాత్రం వద్దు, మాంసకృత్తులు ఎక్కువైతే అమ్మోనియా కూడా ఎక్కువే. కోనేట్లో చేపలకు వేసినట్టు బొరుగులు, రొట్టె ముక్కలు, బిస్కెట్లు ఇంటి తొట్టిలో వేయకండి. కోనేరు పెద్దది, మన 500 లీటర్లకు ఆ పిండి చాలా ఎక్కువ. చుట్టాల పిల్లలు వచ్చినప్పుడు ఈ ఒక్క విషయంలో నేను గట్టిగానే ఉంటాను.

ఆరుబయట తొట్టికి మేత విషయంలో ఒక పెద్ద లాభం దోమ లార్వాలు. నిలవ నీళ్ళు కనిపిస్తే డెంగీ భయంతో ఆరోగ్య సిబ్బంది తొట్లు పారబోయమంటారు, అది న్యాయమే. గోల్డ్‌ఫిష్ ఉన్న తొట్టిలో లార్వా కనిపించనే కనిపించదు, పుట్టినవి పుట్టినట్టే తినేస్తాయి. కడుపునిండా గుళికలు పడితే వాటిని వెతుక్కునే ఓపిక ఉండదు, కొంచెం ఆకలి ఉంచడానికి ఇదీ ఒక కారణం. రంగు కోసమని ప్రత్యేకంగా అమ్మే కలర్ మేత కూడా బయట పెరిగేవాటికి అంత అవసరం అనిపించలేదు. నాచులో, స్పైరులినాలో ఉండే కెరోటినాయిడ్లనే రంగు పదార్థాలే చేపకు ఎరుపు, నారింజ రంగు ఇస్తాయి. కాస్త వెలుతురు, గోడల మీద పచ్చటి నాచు ఉన్న మా తొట్టిలో కామెట్లు మంచి కుంకుమ రంగుకు వచ్చాయి.

ఊరికి పోవాల్సి వస్తే మనం లేనప్పుడు మెల్లగా కరిగి మేత వదిలే తెల్లటి హాలిడే ఫీడర్ బిళ్ళలు తొట్టిలో వేసి పోకండి, వేడి నీళ్ళలో అది ఎంత వేగంగా కరుగుతుందో చెప్పలేం. పక్కింటి పెద్దమ్మకు నేను ఒక్కో రోజుది ఒక్కో కాగితపు పొట్లం కట్టి ఇస్తాను, డబ్బా మాత్రం దాచేస్తాను. ఆమె ప్రేమతో ఎక్కువ వేస్తుందని తెలుసు. నాలుగైదు రోజులే అయితే పొట్లాలు కూడా వద్దు, నీళ్ళు నింపి, నెట్ సరిచూసి పోతే చాలు.

తగ్గించిన ఒక మార్కు ప్యాకింగ్‌కు. నేను వాడే ప్యాకెట్‌కు జిప్ లేదు, ఒకసారి కత్తిరిస్తే ఇక గాలి తగులుతూనే ఉంటుంది, చీమలు కూడా పడతాయి. వారానికి సరిపడా చిన్న డబ్బాలో పోసుకుని, మిగతాది మూత బిగుతుగా ఉన్న సీసాలో పెట్టి ఫ్రిజ్ తలుపు అరలో ఉంచుతున్నాను. బయటికి తీయగానే మూత తెరవకుండా కాసేపు ఆగితే లోపల తేమ చేరదు. కిలో డబ్బా తీసుకుంటే గ్రాము లెక్కన సగం ధరే పడుతుంది, కానీ ఆరు చేపలకు అది ఏడాది దాటినా అయిపోదు, మన వేడికి అన్నాళ్ళు నిలవదు. మూడు నెలల్లో అయిపోయే ప్యాకెట్ తీసుకోండి. 50 గ్రాములది దొరికితే ఇంకా మంచిది. ఇక్కడ ఎప్పుడూ ఉండదు, ముందుగా చెప్పి పెడితే తెప్పిస్తారు.